వెళ్తాడట, ఉంటాడట

స్పెయిన్‌లో ఆటల కోసమే నడిచే పెద్ద దినపత్రికలు నాలుగున్నాయి. మాడ్రిడ్ నుంచి మార్కా, ఆస్. బార్సిలోనా నుంచి ముండో డెపోర్తివో, స్పోర్ట్. నాలుగింటికీ రోజూ ఒక మొదటి పేజీ కావాలి. లీగ్ చూస్తే మే నెలతో ముగుస్తుంది, ఆగస్టు నడిమికి గానీ మళ్ళీ మొదలవదు. ఈలోగా పేజీలు దేంతో నింపాలి? ఆట లేనప్పుడు ఆటగాడి మనసుతో నింపుతారు. ఎవరు అలిగారు, ఎవరు బేరం పెట్టారు, ఎవరి ఆవిడ ఏ ఊళ్ళో ఇల్లు చూసి వచ్చింది, ఎవరి పిల్లల్ని ఏ బడిలో చేర్చబోతున్నారు. కుర్రాడి గురించైతే ఒక్కటే ప్రశ్న: ఎక్కడికి పోతాడు? ముప్పై మూడు దాటిన మహానుభావుడైతే ఆ ప్రశ్న పిల్లలు పెడుతుంది. పోతాడా, ఉంటాడా, అసలు ఆటే మానేస్తాడా, మానేస్తే ఏ మ్యాచ్‌తో, ఏ చొక్కాలో, ఎవరి ముందు?

మనకీ ఈ తంతు కొత్త కాదు. 2020 ఐపీఎల్‌లో టాస్ దగ్గర డానీ మోరిసన్ ధోనీని, పసుపు చొక్కాలో ఇదే మీ ఆఖరి మ్యాచా అని అడిగాడు. "డెఫినెట్లీ నాట్" అని ధోనీ రెండు ముక్కల్లో తేల్చేశాడు. తేల్చేస్తే ఏం? ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ చెన్నై ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊళ్ళో, అదే ప్రశ్న తనూ ఒక పసుపు చొక్కా తొడుక్కుని స్టేడియానికి వస్తూనే ఉంది.

ఈ కబుర్లను పనిలేనివాళ్ళ కాలక్షేపమని తీసిపారేసే పెద్దమనుషులున్నారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఏళ్ళ తరబడి కాఫీతో పాటు వీటిని ఇష్టంగానే పుచ్చుకుంటున్నాను. నాకున్న పేచీ వేరు. అది చెప్పాలంటే మెస్సి, బార్సిలోనాల కథలోకి వెళ్ళాలి. ఈ జాతి కథల్లో దాన్ని మించింది నేను చూడలేదు.

2020 ఆగస్టు 14. లిస్బన్‌లో జనం లేని స్టేడియం. చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో బాయర్న్ మ్యూనిక్ బార్సిలోనాను 8-2తో చితక్కొట్టింది. విరామంలో డ్రెస్సింగ్ రూమ్‌లో ఒంటరిగా తల దించుకుని కూర్చున్న మెస్సి బొమ్మ ఒకటి మర్నాటికల్లా ప్రపంచం చుట్టి వచ్చింది. ఆ ఒక్క బొమ్మ మీద జరిగిన విచారణ ఇంతా అంతా కాదు. మెడ ఎందుకలా వంగింది, చూపు ఎటు ఉంది, పక్కన మరో ఆటగాడు ఎందుకు లేడు. మనిషి ఓడిపోతున్నాడు, తల దించుకున్నాడు, అంతే కదా అనుకునే తీరిక ఎవరికీ లేదు.

పదకొండు రోజుల తర్వాత, 25వ తేదీన, మెస్సి క్లబ్బుకు బురోఫాక్స్ పంపాడు. అది స్పెయిన్ తపాలా వారి సేవ. ఉత్తరం చేరిందని మాత్రమే కాదు, అందులో ఏం రాసి ఉందో కూడా ధ్రువీకరిస్తారు. కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. పదమూడేళ్ళ పిల్లాడిగా అడుగుపెట్టిన ఇంటికి ముప్పై మూడేళ్ళ వయసులో రిజిస్టర్డ్ నోటీసు పంపాడన్నమాట. ప్రతి సీజన్ చివరా పైసా ఇవ్వకుండా వెళ్ళిపోయే హక్కు అతని ఒప్పందంలో ఉంది. కాకపోతే ఆ మాట జూన్ 10లోగా చెప్పాలి. కోవిడ్ పుణ్యమా అని ఆ ఏడు సీజన్ ఆగస్టు దాకా సాగింది. సీజన్ ముగిశాకే కదా గడువు అని మెస్సి పక్షం. జూన్ 10 అంటే జూన్ 10 అని అధ్యక్షుడు బార్తోమేయు పక్షం. గడువు దాటిందంటే విడుదలకు 70 కోట్ల యూరోలు కట్టాలి. లీగ్ కూడా క్లబ్బు మాటే సరైందంది.

ఆ పది రోజుల్లో పత్రికలు, టీవీలు అతన్ని ఎన్ని ఊళ్ళు తిప్పాయో! పాత గురువు గార్దియోలా ఉన్నాడు గనుక మాంచెస్టర్ సిటీకి ఖాయం చేశారు. స్పెయిన్ టీవీలో రాత్రి పొద్దుపోయాక వచ్చే ఎల్ చిరింగితో అనే ఫుట్‌బాల్ రచ్చబండ ఒకటుంది. పెద్ద వార్త వస్తోందంటే తెర మీద గడియారం పెట్టి టిక్, టాక్ అని మోగిస్తారు. వార్త కన్నా ఆ చప్పుడే బాగుంటుంది, నన్నడిగితే. సెప్టెంబరు 2న తండ్రి హోర్హే మెస్సి రోసారియో నుంచి బార్సిలోనాలో దిగాడు. చుట్టూ కెమెరాలు, ముక్కు దగ్గర మైకులు. ఉండటం కష్టమేనన్నాడాయన. ఆ ఒక్క మాటతో ఆ సాయంత్రానికి లోకం తీర్పు రాసేసింది.

4వ తేదీన మెస్సి ఇంటర్వ్యూ ఇచ్చి, ఉండిపోతున్నానన్నాడు. మనసు మారి కాదు. తనకు అన్నీ ఇచ్చిన క్లబ్బును కోర్టుకు ఈడ్చలేనన్నాడు.

ఇక రెండో ఏడు. ఈసారి గాలి అటు నుంచి ఇటు తిరిగింది. అక్టోబరులో బార్తోమేయు రాజీనామా చేశాడు. బార్సిలోనా సభ్యుల సొత్తు. అధ్యక్షుణ్ణి వాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు. జువాన్ లాపోర్తా అనే పాత అధ్యక్షుడు మళ్ళీ నిలబడ్డాడు. మెస్సితో కూర్చుని అర్జెంటీనా పద్ధతిలో నిప్పుల మీద మాంసం కాల్చుకుని తింటే ఒప్పందం కుదిరిపోతుందన్నది ఆయన ధీమా. 2021 మార్చి 7న పోలింగ్. మెస్సి పెద్దకొడుకును వెంటబెట్టుకుని వచ్చి ఓటేశాడు. ఇంకేం కావాలి? ఊరు విడిచేవాడు ఓటెందుకేస్తాడు? లాపోర్తా గెలిచాడు. మెస్సి ఉంటున్నాడని అందరూ రాశారు.

దీనికి ముందు జనవరి 31న ఒకటి జరిగింది. దాని సంగతి ఇప్పటికీ నాకు మింగుడుపడదు. ఎల్ ముండో పత్రిక మెస్సి ఒప్పందం కాగితాలు సంపాదించి అచ్చేసింది. నాలుగేళ్ళకు, షరతులన్నీ కలిసొస్తే, మొత్తం 55,52,37,619 యూరోలు. చివరి యూరో దాకా! క్లబ్బు చిట్టాలో అసలైన పేజీ తెచ్చి నడివీధిలో పెట్టారు. దాన్ని చూసి జనం, పత్రికలు కలిసి ఏం చర్చించారు? ఇంత తీసుకునేవాడికి క్లబ్బు మీద ప్రేముందా? అతనికింత అత్యాశా? కాగితాలు బయటపెట్టిన ద్రోహి ఎవడు? ఆ అంకెలు బార్సిలోనా ఆదాయంలో ఎన్నో వంతు, వచ్చే జూన్‌లో ఈ క్లబ్బుకు కొత్త కాగితం మీద సంతకం చేసే స్తోమతు ఉంటుందా అన్నది అడిగినవాళ్ళు అరుదు. చిట్టాను కూడా మొహం చదివినట్టే చదివారు.

చిట్టాలో ఉన్నది ఇది. 2017లో నెయ్‌మార్‌ను అమ్మితే 22.2 కోట్ల యూరోలు వచ్చాయి. ఆ డబ్బు, దాని మీద మరింత, దెంబెలే, కుతిన్యో, తర్వాత గ్రీజ్‌మన్ల మీద పోసేశారు. జీతాలు పెరిగాయి. అంతలో కోవిడ్ వచ్చి క్యాంప్ నౌ గేట్లు మూసేసింది. దాదాపు లక్షమంది పట్టే స్టేడియంలో టిక్కెట్ల డబ్బు లేదు, మ్యూజియం చూడ్డానికొచ్చే టూరిస్టులు లేరు. లా లీగా ప్రతి క్లబ్బుకూ జీతాల ఖర్చు మీద ఒక గీత గీస్తుంది. అప్పట్లో గీత దాటిన క్లబ్బు నాలుగు యూరోలు మిగిలిస్తే గానీ కొత్తగా ఒక యూరో ఖర్చు పెట్టడానికి వీలుండేది కాదు. మెస్సి పాత ఒప్పందం 2021 జూన్ 30 అర్ధరాత్రితో తీరిపోయింది. జులై 1న తెల్లారేసరికి, ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళో పెరిగిన మనిషి, 778 మ్యాచుల్లో 672 గోల్స్ కొట్టిన మనిషి, లీగ్ రిజిస్టరు దృష్టిలో కొత్తగా చేరబోయే ఆటగాడు. అతన్ని మళ్ళీ నమోదు చెయ్యాలి. నమోదు చెయ్యడానికి గీత లోపల చోటు లేదు.

మెస్సి సగం జీతానికి ఒప్పుకున్నాడు. అయిదేళ్ళ ఒప్పందానికి మాటలు పూర్తయ్యాయి. జులై 10న మరకానాలో బ్రెజిల్‌ను ఓడించి అర్జెంటీనాకు కోపా అమెరికా తెచ్చాడు, సెలవులకు వెళ్ళాడు, సంతకానికి తిరిగొచ్చాడు. ఆగస్టు 5 సాయంత్రం క్లబ్బు ప్రకటన: మెస్సి ఇక కొనసాగడం లేదు. మర్నాడు లాపోర్తా విలేకరుల ముందుకు వచ్చి చెప్పిన లెక్క ప్రకారం, మెస్సిని ఉంచుకుంటే జీతాలే క్లబ్బు ఆదాయంలో 110 శాతం.

అప్పుడు మా మేనల్లుడు డిగ్రీ రెండో సంవత్సరం. వాడికి బార్సిలోనా అంటే ఇంటిపేరుతో సమానం. "అంత ప్రేముంటే ఊరికే ఆడొచ్చుగా మామయ్యా?" అని నిలదీశాడు. ప్రపంచమంతా అదే అడిగిందప్పుడు. జవాబు కూడా లాపోర్తా చెప్పిన లెక్కలోనే ఉంది: మెస్సి అసలు లేకపోయినా జీతాలు ఆదాయంలో 95 శాతం. ఊరికే ఆడినా తేలే వ్యవహారం కాదది. లీగ్ ఆ వారమే సీవీసీ అనే పెట్టుబడి సంస్థ డబ్బు తెచ్చే ఏర్పాటు ఒకటి ముందుకు తెచ్చింది. అందులో చేరితే కాస్త ఊపిరాడేది. బదులుగా టీవీ హక్కుల రాబడిలో వాటా యాభై ఏళ్ళకు రాసివ్వాలి. లాపోర్తా ససేమిరా అన్నాడు. మెస్సి కథ ముగిసిన చోటు అదీ. ఏ డ్రెస్సింగ్ రూమ్‌లోనూ కాదు, ఎవరి మీదా అలిగి కాదు.

8వ తేదీన మెస్సి మైకు ముందు నిలబడి, ఒక్క మాట రాకముందే ఏడ్చేశాడు. భార్య ఆంతొనెలా లేచి వెళ్ళి టిష్యూ అందించింది. ఆ కన్నీళ్ళ మధ్య అతను చెప్పిన ఒక ముక్క నాకు మొత్తం వ్యవహారానికి తాళంచెవిలా కనిపించింది. పోయినేడు వెళ్దామనుకున్నాననీ, ఈ ఏడు ఉందామనే అనుకున్నాననీ అన్నాడు. అంటే ఏమిటన్నట్టు? 2020లో వెళ్ళాలనుంది అన్నారు, నిజంగానే ఉంది, ఉండిపోయాడు. 2021లో ఉండాలనుంది అన్నారు; అదీ నిజమే; వెళ్ళిపోయాడు. పుకార్లు రాసినవాళ్ళు రెండుసార్లూ మనసును తప్పు లేకుండా చదివారు. రెండుసార్లూ కథ ఇంకోలా ముగిసింది.

ఉమ్మడి కుటుంబం వేరుపడేటప్పుడు చూడండి. వీధంతా చిన్నకోడలి మొహమే చూస్తుంది. నిన్న వడ్డనలో మూతి ముడిచిందట, పండక్కి పుట్టింటికి వెళ్ళిందట, తోడికోడలితో మాటల్లేవట. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఇల్లు వేరుపడే తేదీ ఆమె మూతిలో లేదు. పెద్దాయన ట్రంకుపెట్టెలో అడుగున, పాసుపుస్తకాల కింద, సొసైటీ బ్యాంకు నోటీసులో ఉంది.

అయితే ఆ నోటీసును వార్తగా అమ్మడం ఎలా? 110 శాతానికి ఫొటో ఉండదు. తల దించుకున్న మనిషికి ఉంటుంది. విలేకరులను మాత్రమే అనడం అన్యాయం. జీతాల గీత గురించి ఓపిగ్గా రాసిన వ్యాసాలూ అప్పట్లో వచ్చాయి. వాటిని దాటేసి కింద ఉన్న విమానం వార్త నొక్కింది మనమే. ఆగస్టు 9న మెస్సి వస్తున్నాడని పారిస్ పక్కన లె బూర్జె విమానాశ్రయం దగ్గర అభిమానులు గుమిగూడారు. అతను ఆ రోజు రానే లేదు. ఆ రాత్రి మా వాడు ఫోనులో విమానాలు చూపించే యాప్ తెరిచి కూర్చున్నాడు. నల్లటి మ్యాపు మీద చీమల్లా పసుపు విమానాలు. బార్సిలోనా వైపు నుంచి పైకి పాకుతున్న ప్రతి విమానం మీదా వేలు పెట్టి, "ఇదే" అన్నాడు. అందులో ఒకటి నొక్కి చూస్తే సరుకుల విమానం. మర్నాడు, 10వ తేదీన, మెస్సి పారిస్‌లో దిగి 30వ నంబరు చొక్కా అందుకున్నాడు. పారిస్‌లో గడిపిన రెండేళ్ళ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అతని దగ్గరా లేదనే నా అనుమానం.

పుకారు ఊరికే పుట్టదు, ఎవరో ఒకరికి దానితో పని ఉంటుంది. 2017లో నెయ్‌మార్ పోతున్నాడన్న గొడవ మధ్య, సాటి ఆటగాడు పికే అతనితో ఫొటో దిగి, ఉంటున్నాడంటూ ట్విటర్‌లో పెట్టాడు. జట్టులో మనిషే చెప్పాక ఇంకేముందని అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. పట్టుమని రెండు వారాలు కాకుండానే నెయ్‌మార్ పారిస్ చేరాడు. అతను పోతాడని తనకు రోసారియోలో మెస్సి పెళ్ళినాడే తెలుసని పికే తర్వాత చెప్పాడు. ఆ పెళ్ళి జూన్ 30న, ఆ ఫొటో జులై 23న! ఒకందుకు నాకు ఫబ్రిత్సియో రొమానో అనే ఇటలీ కుర్ర విలేకరి నచ్చుతాడు. "హియర్ వీ గో" అని అతను అన్నాడంటే కాగితాలు దాదాపు సిద్ధమయ్యాయని లెక్క. మొహాల జోలికి పోడు, కాగితం వచ్చేదాకా ఆగుతాడు. అందుకే చదవడానికి కాస్త చప్పగా కూడా ఉంటాడు.

ఇదంతా యూరప్ డబ్బు తెచ్చిన జబ్బనుకుంటే పొరపాటు. మన కలకత్తాలో జట్లు మారే రుతువు ఒకటుండేది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మనుషులు ఆటగాణ్ణి పట్టుకెళ్ళి, ఐఎఫ్‌ఏ ఆఫీసులో సంతకం పడేదాకా ఎవరికీ కనపడకుండా దాచేవాళ్ళు. ఎవరు ఎక్కడ దాగాడన్నదే ఊరంతటికీ కబురు. 1950ల తొలినాళ్ళలో ఈస్ట్ బెంగాల్ ముందువరసలో అయిదుగురిని పంచపాండవులనేవారు: అహ్మద్ ఖాన్, సాలే, ధన్‌రాజ్, వెంకటేశ్, అప్పారావు. అయిదుగురూ దక్షిణాది నుంచి వెళ్ళినవాళ్ళే. అప్పట్లో అప్పారావు మొహం చూసి భవిష్యత్తు చెప్పిన బెంగాలీ పెద్దమనుషులు ఎంతమంది ఉండేవారో.

ఈ ఊహాగానాల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడుంది. ఏడాది పాటు మెస్సి ఆఖరి మ్యాచ్ ఏదవుతుందని రాశారు కదా. ఆ మ్యాచ్ జరిగింది. 2021 మే 16న క్యాంప్ నౌలో సెల్టా వీగో మీద. మెస్సి గోల్ కొట్టాడు, బార్సిలోనా 1-2తో ఓడింది. కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేరు. చివరి వారం ఎయ్‌బార్‌లో ఆటకు అతను వెళ్ళలేదు. లాపోర్తా వచ్చాడు, సంతకం ఖాయమనే ధీమాతో అందరూ ఉన్న రోజులు గనుక, ఆ సెల్టా మ్యాచ్‌ను వీడ్కోలుగా ఎవరూ చూడలేదు. మర్నాటి పేపర్లలో లీగ్ టైటిల్ చేజారిన సంగతి రాశారు. అన్ని వందల మొదటి పేజీలు ఒక్క క్షణం కోసం కాపు కాసి, తీరా ఆ క్షణం ముందు నుంచి నడిచిపోతుంటే పాయింట్ల పట్టిక చూస్తూ కూర్చున్నాయి.

2023లో మళ్ళీ అదే నాటకం. పారిస్‌తో ఒప్పందం తీరుతోంది. సౌదీకి ఖాయమైపోయిందని మే నెలలో ఒక వార్తా సంస్థ రాసింది, తండ్రి కాదన్నాడు. జూన్ 5న ఆ తండ్రే బార్సిలోనాలో లాపోర్తా ఇంటికి వెళ్ళి, బయటికొచ్చి, లియో తిరిగి రావాలనుకుంటున్నాడన్నాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? జూన్ 7న మెస్సి ముండో డెపోర్తివో, స్పోర్ట్ రెండింటికీ కలిపి ఇంటర్వ్యూ ఇచ్చి, ఇంటర్ మయామికి వెళ్తున్నానన్నాడు. రావాలని తనకూ ఉందన్నాడు. అయితే తను రావాలంటే క్లబ్బు ఆటగాళ్ళను అమ్మాలనో, వాళ్ళ జీతాలు కోయాలనో విన్నాననీ, తన భవిష్యత్తును మరోసారి ఇంకొకళ్ళ చేతుల్లో పెట్టి ఎదురుచూడలేననీ అన్నాడు. ఈ కథ మొత్తంలో చిట్టాను సరిగ్గా చదివిన పాఠకుడు నాకు అతనొక్కడే కనిపిస్తాడు. అనుభవం మీద నేర్చుకున్న చదువు మరి.

2025 అక్టోబరులో మయామితో ఒప్పందం 2028 దాకా పొడిగించారు. అంటే నలభై ఒకటో ఏడు వచ్చేదాకా. ఇక పుకార్లకు సెలవనుకున్నాను. నవంబరు 9 రాత్రి మెస్సి చడీచప్పుడు లేకుండా వెళ్ళి, ఇంకా పనులు సాగుతున్న క్యాంప్ నౌలో నిలబడి ఫొటోలు దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. తెల్లారేసరికి పెనం మళ్ళీ వేడెక్కింది. ఆటగాడిగా తిరిగి రావడం అయ్యే పని కాదని లాపోర్తా స్వయంగా చెప్పాల్సి వచ్చింది.

నెల తిరిగిందో లేదో, డిసెంబరు 13న అతను మన ఉప్పల్‌కే వచ్చాడు. ఆ పొద్దున కలకత్తాలో, డబ్బు పోసి టిక్కెట్లు కొన్నవాళ్ళకు సరిగ్గా కనపడకుండానే వెళ్ళిపోయాడని జనం సీసాలు, కుర్చీలు విసిరారు. ఇక్కడ మాత్రం సాయంత్రం సాఫీగా గడిచింది. ముఖ్యమంత్రి కూడా బంతి తన్నారు. మా మేనల్లుడు, ఇప్పుడు ఉద్యోగస్తుడు, నెల జీతంలో మంచి ముక్క పెట్టి టిక్కెట్టు కొన్నాడు. అర్ధరాత్రి దాటాక వచ్చి, అన్నం కలుపుకుంటూ, "మళ్ళీ బార్సిలోనాకే పోతాడు మామయ్యా, రాసి పెట్టుకో" అన్నాడు.

"2028 దాకా సంతకం పెట్టాడు కదరా."

"అవన్నీ కాగితాలు. నేను మనిషి మొహం చూశాను."

"పై అంతస్తులో కూర్చున్నవాడికి మొహం ఏం కనపడిందిరా?"

"స్క్రీన్ మీద పడింది కదా," అన్నాడు పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.